కాయల రూములో ఎకో

కళ్యాణదుర్గం బస్టాండు ముందర షేరాటో ఎక్కి కూర్చున్నా. ఇంగా ఇద్దరు ఎక్కితే గానీ కదిలేది లేదని డ్రైవరు మొండికేసినాడు. మా దిక్కు షేరాటోలో ఎంతమంది పడతారనేది ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఒకసారి నేనెక్కిన ఆటోలోకి పెండ్లికొడుకూ పెండ్లికూతురూ బ్యాండుమేళమూ ఎక్కినారనీ, ఊరొచ్చి దిగేటప్పటికి ఆ జంటకు బిడ్డ కూడా పుట్టిందనీ చెప్తే నమ్మినోళ్లు మా ఊర్లో ఉండారు. ఆ సంగతి అట్ల పెడదాం. డ్రైవరు పొద్దుపోక సెల్‌లో పాట పెట్టినాడు. సెల్ షాపు వాళ్లు మెమరీ కార్డులోకి నింపిచ్చిన పాటల్లో ఒకటి.

ఆడోళ్ల గొంతులు. ముందు ఒక ముసలి గొంతు ఎత్తుకుంటాది, వెనకాల కొన్ని గొంతులు అందుకుంటాయి. చెనిక్కాయలు, అదే వేరుశెనగ కాయలు, వలిచేటప్పుడు పాడే పాట. చరణం అయిపోయిన ప్రతిసారీ గొంతులన్నీ పోయి గోడలకు తగిలి వెనక్కొస్తాండాయి, నీళ్లింకిన బావిలోకి వంగి ఎవర్నో పిలిచినట్టు.

"ఎకో ఎట్లుండాదన్నా? సూపర్ కదా," అన్నాడు డ్రైవరు. "యాడ పెట్టించినారో గానీ. బెంగులూరు స్టూడియో అయ్యుండల్ల."

ఆ ఎకో యాడ పెట్టిందీ, ఎవరు పెట్టిందీ నాకు తెలుసు. ఆ పాటను మిషన్లో పట్టినామె పోయి ఇంకా సంవత్సరీకం కూడా కాలేదు. ఆమె మా వదిన.

మా వదినకు పాట రాదు. ఈ మాట ముందే చెప్పకుంటే మీరు ఇంకొకటేదో ఊహించుకుంటారు. ఆమె గొంతెత్తితే మేస్తాండే గొర్రెలు కూడా మేత ఆపి తల తిప్పి చూసేవి. ఆ సంగతి ఆమెకే అందరికన్నా బాగా తెలుసు కాబట్టి ఎప్పుడూ పాడలేదు. దేవుడు గొంతులో మిగిలించుకున్నదంతా ఆమె చెవిలో పోసినాడు.

ఏ వస్తువు కనపడినా వేలి కణుపుతో కొట్టి చూసేది. సంతలో కడవ కొనేటప్పుడు అందరూ కొట్టి చూస్తారు. ఈమె గోడను కొట్టేది, తలుపును కొట్టేది, మా అన్న మోజుపడి కొనుక్కొచ్చిన మంచం కోడును కొట్టి "ఇది టేకు అని ఎవరు చెప్పినారు?" అనేది. చెనిక్కాయను రెండు వేళ్లతో పట్టుకోని చెవి దగ్గర ఊపితే ఎండిందీ లేనిదీ మా దిక్కు రైతులందరికీ తెలుస్తాది. మా వదిన ఇంట్లో కూర్చోని పక్కూరి చేన్లో మట్టికింద ఊరే కాయ గురించి కూడా చెప్తాదని నేను ప్రచారం చేసినా. ఆ మాట నమ్మి ఒకాయన ఎద్దుల బండి కట్టుకోని వచ్చినాడు. ఆయన్ను మజ్జిగ ఇచ్చి పంపించి, వదిన నా నెత్తిమీద కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, "బోలు," అనింది.

ఆమె ఇంకొక మాట "ఇంగోసారి". పిల్లోళ్లు ఎక్కం అప్పచెప్పినా ఇంగోసారి, నేను కత చెప్పినా ఇంగోసారి. కత బాగుండి అడుగుతాందని చాన్నాళ్లు మురిసిపోయినా. అది కాదు.

"ముందుసారి చెప్పినప్పుడు పాము తోక గుమ్మం దాకా ఉండె. ఇప్పుడు వీధిలోకి పోయింది," అనేది. "ఇంగోసారి చెప్పప్పా, బస్సెక్కి కళ్యాణదుర్గం పోతాదేమో చూస్తాం."

మా ఇంటి వెనకపక్క కాయల రూము ఉండేది. మందం గోడలు, ఒక చిన్న కిటికీ, దొడ్లోకి ఒక వెనక వాకిలి. ఆ వాకిలికి అడ్డంగా ఏండ్ల తరబడి మూటలు పేర్చి పేర్చి, అట్లాంటి వాకిలి ఒకటుందనే సంగతే అందరం మర్చిపోయినాం. ఆ మూటల్లో ఉండేది విత్తనం కాయలు. ముందు వరస మా చేనికి. వెనక వరసలన్నీ ఊర్లో కొంచెం కొంచెం మెట్టచేను ఉండేవాళ్లవి. పంటొచ్చినాక ఒక్కో ఇంటివాళ్లు తమ విత్తనం మూట తెచ్చి మా ఇంట్లో పెట్టిపోయేవాళ్లు. మా ఇల్లు పెద్దదని కాదు. కరువుదినాల్లో విత్తనం కండ్ల ముందర ఉంటే కడుపు ఊరుకోదు. ఈరోజు ఒక దోసెడు వేయించుకుంటారు, రేపు ఇంకో దోసెడు. పరాయింట్లో ఉంటే పోయి అడగాలంటే సిగ్గు. ఆ సిగ్గే విత్తనాన్ని వానదాకా కాపాడేది. మా నాయన కాలం నుంచీ వస్తాండే వాడుక అది. రసీదు లేదు, సంతకం లేదు, మూటకు కట్టిన గుడ్డపేలిక రంగును బట్టి ఎవరిది వాళ్లకు.

వానలకు ముందర ఆడోళ్లంతా వచ్చి మా ఇంట్లోనే కూర్చోని ఎవరి కాయలు వాళ్లు వలుచుకునేవాళ్లు. మిషన్లో పోస్తే పప్పు పగుల్తాది, పగిలింది మొలవదు. అందుకని చేత్తోనే. చేతులు పని చేస్తాంటే నోళ్లు ఊరుకోవు కదా, పాట. ఆ పాటలు పట్టిపెట్టాలని మా వదినకు పుట్టింది. ఎందుకని అడిగితే, "పోయిన వానకారు పాడినోళ్లలో ఇద్దరు ఈసారి లేరు," అనింది. అంతకు మించి చెప్పలేదు.

నేనప్పుడు కళ్యాణదుర్గంలో జిరాక్సు మిషనూ ఎస్టీడీ బూతూ పెట్టుకోని ఉంటి. పక్కనే ఒక కంప్యూటర్ సెంటరు మూతపడింది. వాళ్ల పాత కంప్యూటరు ఒకటి బస్సు టాపు మీద కట్టించి ఊరికి తెచ్చినా. దాంట్లో పాటలు పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుండె. కొంచెంసేపు పట్టి, ఇంగ దుడ్లు కట్టు అని నిలబడిపోయేది.

"దీన్ని పగలగొట్టిన కాపీ దొరుకుతాది వదినా. అందరూ అదే వాడతారు," అన్నా.

"తాళం పగలగొట్టి ఎవరింట్లోనో కూర్చోని పాట పాడిద్దామా?" అనింది.

అట్లాంటప్పుడు ఒక కంప్యూటర్ పత్రిక కొంటే దాంతోపాటు సీడీ వచ్చింది. దాంట్లో ఉండేది లినక్స్. కంప్యూటరును నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచంలో యాడయాడనో ఉండేవాళ్లు కూడి రాసి, ఊరికే ఇస్తాండారంట. ఎవరైనా వాడొచ్చు, పంచొచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు. ఇంట్లో పాటలు పట్టుకునేదానికి దాన్ని ఎట్ల కుదుర్చుకోవాలో ఆ పత్రికలో రాసినారు. వదిన ఆ పేజీలు చింపి పప్పుడబ్బా కింద పెట్టుకోని, వంట చేస్తా చేస్తా చదివింది. పెండ్లికి ముందు అనంతపురంలో డిగ్రీ సగం చదివి నిలిపేసింది. ఆ మిగిలిన సగం ఈ పేజీల్లోనే చదువుతాందేమో అనిపించేది.

మా అన్న నవ్వినాడు. ఆయనకు రాజకీయాల పిచ్చి. "ఊరికే ఎవడూ ఏమీ ఇయ్యడు. ఊరికే ఇచ్చేది ఎలచ్చన్ల ముందర మందుసీసా ఒకటే," అన్నాడు.

"తాగినాక అదీ ఊరికే రాలేదని తెలుస్తాది," అనింది వదిన, సీడీ లోపలికి తోస్తా.

డిస్కులో ఉండేదంతా తుడిచేయాల్నా అని అది అడిగింది. నేనైతే ఇంటిల్లిపాదినీ పిలిచి పంచాయితీ పెట్టేవాణ్ని. ఆమె తెరమీద ప్రతి వరసా చదివి, "దీంట్లో మనది ఏముండాది?" అని ఒక్క నొక్కు నొక్కింది. అయిపోయింది. కొత్త తెర వచ్చింది. మౌసు కదుల్తాంది, బొమ్మలు కనపడతాండాయి, శబ్దం మాత్రం లేదు. స్పీకరు తీసి మళ్లా పెట్టినాం. వైరు మార్చినాం. సౌండుకార్డును బయటికి తీసి పసుపుగుడ్డతో తుడిచినా. అది తప్పని తర్వాత తెలిసింది. రెండు దినాలు ఇల్లంతా మూగపట్టినట్టుండింది. చివరికి చూస్తే, ఈ లినక్స్ వేసినప్పుడు శబ్దం తూములన్నీ మూసిపెట్టే వస్తాదంట. ఒక్కొక్కటిగా మనమే తెరవల్ల.

వదిన పకపకా నవ్వింది. "కొత్తకోడలప్పా ఇది. నోరుమూసుకోనే అత్తగారింట్లోకి వచ్చింది. మాట్లాడమ్మా అని మనం చెప్పల్ల గదా."

తర్వాత ఆలస్యం బాధ. పాడింది లోపలికి పోయి మళ్లా చెవిలోకి వచ్చేటప్పటికి కొంచెం వెనకబడేది. లచ్చుమక్క అని మా ఊరి పాటలకంతా పెద్దదిక్కు, హెడ్‌ఫోన్లు పెట్టుకోని ఒక ముక్క పాడి, ఆగి, చుట్టూ చూసింది.

"ఎవరే అది, నా వెనకాల నన్ను ఎక్కిరిస్తాండేది?"

"నువ్వే అక్కా," అన్నా.

"నేనైతే నా మాదిరి పాడల్ల గదా. ఎవరో ముసల్ది పాడతాంది," అని హెడ్‌ఫోన్లు పీకి నా ఒళ్లో పడేసింది.

ఆలస్యం తగ్గియ్యాలని ఒక అంకె తగ్గిస్తే పాటలో చిటపటలు, తాలింపులో ఆవాలు పేలినట్టు. పెంచితే మళ్లా ఆలస్యం. ఉప్పు చూసినట్టు ఒక చిటికెడు పెంచి, ఒక చిటికెడు తగ్గించి, వదిన ఆ అంకెతో నెలంతా కాపురం చేసింది. దానికీ తీరకపోతే, శబ్దం పనే అన్నిటికన్నా ముందర చూసే కెర్నలు, అంటే లినక్స్‌కు గుండెకాయ, ఒకటి వేరుగా కట్టుకోవల్లంట. ఇంట్లో పెండ్లి పెట్టుకున్నప్పుడు మిగతా పనులన్నీ పక్కన పెడతాం కదా, అట్ల. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా తెరమీద అక్షరాలు చీమల బారు మాదిరి పరుగెత్తినాయి. ఊర్లోవాళ్లు వచ్చి నిలబడి చూసిపోయినారు. కంప్యూటరు వానలెక్క వేస్తాందని నేనే చెప్పింటి.

కిటికీలో రాయదుర్గం నుంచి తెచ్చిన జీన్సు గుడ్డ ముక్కలు కూరింది. వాకిలికి పుట్టింటి నుంచి, అంటే మడకశిర నుంచి తెచ్చిన కంబళి వేలాడేసింది. ఎదురుగా, వెనక వాకిలి దాకా, వరస వెనక వరస కాయల మూటలే. వాటిమీద కణుపుతో కొట్టి, "గొంతును మూటలు తాగేస్తాయి. వచ్చింది వచ్చినట్టే పడతాది," అనింది. యూపీఎస్‌కు బీప్‌మనే నోరుంటే రిపేరాయన దగ్గరికి పోయి కుట్టించుకోని వచ్చింది. ఎందుకంటే పాట పట్టేది కరెంటు పోయినప్పుడే. కరెంటుంటే బోరుమోటర్లు, పిండిమర, టీవీలు. కరెంటు పోతే ఊరంతా తిట్టేది, మా వదిన ఒక్కతే ఎగిరి లేచి, "రండమ్మా రండి," అని వీధిలోకి పరుగెత్తేది. యూపీఎస్ సచ్చేలోపల ఒక పాట.

ఆ మొదటి యేడు పట్టిన పాటలు వింటే మీకు గొంతుల వెనకాల ఇంకొక శబ్దం వినపడతాది. కాయ పగిలేది టప్‌మని, వెంటనే పప్పు చాటలో పడేది టిక్‌మని. టప్, టిక్. అది తీసేద్దామంటే వదిన ఒప్పుకోలేదు. "అది తీసేస్తే వీళ్లు ఎందుకు పాడతాండారో ఎట్ల తెలుస్తాది?"

తర్వాత యేడు మా అన్న సర్పంచికి నిలబడినాడు. ఓడిపోయినాడు. ఆ గొడవంతా అయిపోయినాక వదిన వాళ్లమ్మకు బాగలేదని మడకశిర పోయి కొన్ని దినాలుండి వచ్చింది. వచ్చినాక, వలుపులు దగ్గర పడతాండాయి గదా అని మిషను సరిచూసుకుందామని లచ్చుమక్కను పిలిచింది. నేనూ ఆ దినం ఊర్లోనే ఉంటి. ఒక చరణం పట్టింది. విన్నది. హెడ్‌ఫోన్లు తీసి మిషను పక్క చూసింది.

"ఇంగోసారి."

మళ్లా పట్టింది. ముఖం చిట్లించుకుంది. "బోలుగా పలుకుతాంది."

నాకేం తేడా తెలియలేదు. కానీ ఆమె వదల్లేదు. మైకు మార్చింది. వైరు మార్చింది. అంకెలన్నీ పోయినేడు పెట్టినట్టే ఉన్నాయా లేదా చూసింది. అట్లే ఉన్నాయి. సౌండుకార్డు పాడయిందేమోనని నన్ను కళ్యాణదుర్గం పరుగెత్తించి ఇంకొకటి తెప్పించింది. బోలే. ఇంగ లాభం లేదని పోయినేటి పాటలన్నీ సీడీల్లోకి ఎక్కించుకోని, డిస్కంతా తుడిచి, మొదట్నుంచీ లినక్స్ వేసింది. మళ్లా మూసిన తూములు తెరిచింది, మళ్లా ఆవాల చిటపట, మళ్లా కెర్నలు, మళ్లా చీమల బారు. కూర మాడింది, పాలు పొంగిపోయినాయి, మా అన్న ఏమీ అనలేదు. ప్రతిదానికీ అరిచే మనిషి ఆ నాలుగు దినాలు కంచంలో ఏం పడితే అది తిని లేచిపోయినాడు. అది చూసి నేను, ఎలచ్చన్లు ఓడిపోతే మనిషి ఎంత మెత్తబడతాడో అని జాలిపడినా.

అంతా కుదిరినాక లచ్చుమక్కను మళ్లా కూర్చోబెట్టి పట్టింది.

"బోలు," అనింది వదిన.

"మిషన్లో ఏదో దయ్యం ఉండాది వదినా. ఆ సెంటరు మూతపడినప్పుడు..." అని నేను కత ఎత్తుకుంటాంటే, లచ్చుమక్క గబుక్కున లేచి, "నేను పోతానమ్మా, గొర్రెలొచ్చే యాళయింది," అనింది. ఆమెకు గొర్రెలు లేవు.

వదిన పోయే ఆమె వీపును చూసింది. తర్వాత రూము మధ్యలో నిలబడి రెండు చేతులతో ఒక చప్పట కొట్టింది. విన్నది. ఎడమపక్క గోడ దగ్గరికి పోయి కణుపుతో కొట్టింది. తర్వాత ఎదురుగా మూటల వరస దగ్గరికొచ్చింది. నేల నుంచి కప్పుదాకా నిండుగా ఉండే వరస. ఒక మూటను కొట్టింది, కాయల మూట పలికినట్టే పలికింది. ఇంకొకటి కొట్టింది. ఆమె చెయ్యి నిలిచిపోయింది. ఒక మూటను భుజంతో పక్కకు నెట్టి, ఆ సందులోకి చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పోయింది. భుజందాకా పోయింది. వెనకాల ఆమె చేతికి తగల్లేదు ఏదీ.

నేనూ కలిసి మూట లాగినా. ఒక్క వరస వెనకాల రూమంతా ఖాళీ. వెనక వాకిలి గడియకు కొత్తగా నూనె పూసినారు. నేలమీద, దుమ్ములో, రకరకాల రంగుల గుడ్డపేలికలు. ఊరందరి మూటలకు కట్టినవి.

వాకిట్లో మా అన్న నిలబడున్నాడు. ఎప్పుడొచ్చినాడో.

"మిషను సరిగ్గానే ఉండాది," అనింది వదిన.

అంతే. నేను మా అన్న ముఖం చూడలేకపోయినా. ఆయన గొంతు మాత్రం విన్నా. "ఎలచ్చన్ల అప్పుకు పోయినాయి. గెలిచింటే ఇంతకు రెండింతలు తెచ్చి పోసేవాణ్ని."

"ఓడిపోతే?"

దానికి జవాబు నా దగ్గర ఉండాది. నా దగ్గర ఎప్పుడూ ఉంటాది. "వదినా, ఎలుకలని చెప్దాం," అన్నా. "ఈ యేడు ఎలుకలు ఎక్కువ కదా. కన్నాలు చూపిద్దాం."

"ఇంగోసారి చెప్పు," అనింది.

"పందికొక్కులు వదినా. వెనక వాకిలి కింద తవ్వుకోని..."

నా మాట నాకే వినపడింది. ఆమె రెండు చెవుల్తో విన్నట్టు వినపడింది. రెండోసారికే ఎలుకలు పందికొక్కులైపోయినాయి. ఆమె తిట్టలేదు. కింద వంగి ఆ గుడ్డపేలికలు ఒక్కొక్కటే ఏరి ఒళ్లో పెట్టుకుంటాంది. నేను, మా అన్న, ఇద్దరం మగోళ్లం నిలబడి చూస్తాండాం. వంగి ఒక్క పేలిక తీయాలన్నా మాకు చేతులు రాలేదు.

పొద్దున ఆడోళ్లంతా చాటలు పట్టుకోని వచ్చినారు. ఎప్పట్లాగే మెట్లమీద కూర్చోని, ఎప్పట్లాగే నీళ్లడిగి తాగినారు. వదిన ఆ పేలికలు కొంగులో పట్టుకోని వచ్చి వాళ్ల ముందర నిలబడింది.

"మీరు మా ఇంట్లో పెట్టిన విత్తనం లేదు. మేము అమ్ముకున్నాం," అనింది.

ఆయన అమ్మినాడు అనలేదు. మేము అనింది.

ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ఒక్కరూ అరవలేదు. అరిచింటే బాగుండు. లచ్చుమక్క కాళ్లదిక్కు చూసుకుంటా, "మాకు తెలుసుమ్మా," అనింది. "లారీ మా వాకిండ్ల ముందరే కదా పోయింది."

వదిన ఆమె దిక్కు వంగింది. "తెలిసి ఎందుకక్కా అడగలేదు?"

"ఎట్ల అడుగుతామమ్మా? అడిగితే మీకు సిగ్గు గదా."

నేను ఈ జన్మలో చాలా మాటలు పడినా. అబద్ధాలకోరని నడిబజార్లో అనిపించుకున్నా. నవ్వుకోని దులపరించుకోని వచ్చేసినా. ఈ మాటను మాత్రం యాడ దులపాల్నో తెలియక ఇప్పటికీ మోస్తాండా. మా సిగ్గు కాపాడేదానికి వాళ్లు తమ విత్తనం పోయిన సంగతి మింగుకోని, ఖాళీ చాటలు పట్టుకోని, తెలియనట్టు మా మెట్లమీద కూర్చున్నారు. పోయినేడు పాడిన పాటే ముందుదినం లచ్చుమక్క ఆ ముందు వరస మూటలకు ఎదురుగా కూర్చోని పాడింది, వెనకాల ఏముందో తెలిసి.

వదిన లోపలికి పోయి ముందు వరసలో మొదటి మూటను తనే కిందికి లాగింది. "పంచుకోండి," అనింది.

"మన చేనికి?" అన్నాడు మా అన్న, లోపల్నుంచి.

"మన చేను ఈ యేడు కూర్చుంటాది."

మీ మూటలు నిండవు, సగానికి సగం కూడా రావు అని వాళ్లకు ఆమే చెప్పింది. పంచేది నన్నే పంచమనింది. పంచినా, తలెత్తకుండా. వాళ్లు ఆడనే కూర్చోని వలిచినారు. ఆ పొద్దు పాట లేదు. టప్, టిక్. టప్, టిక్. అందరూ గంపలెత్తుకున్నాక రూములో ఏమీ లేదు. నాలుగు గోడలు, కప్పు, ఒక మూల టేబులు మీద మిషను. ఆ సమయానికి కరెంటు పోయింది. దేవుడు కూడా నా మాదిరి కతలల్లేవాడే, సందేహం లేదు.

వదిన మైకు ముందరికి పోయింది. జీన్సు ముక్కలు సర్దలేదు, వాకిలికి కంబళి దించలేదు. "ఇంగోసారి," అనింది వాళ్లదిక్కు చూసి.

లచ్చుమక్క గంప దించింది. ఖాళీ చేతుల్తో నిలబడే ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు. చరణం చివర గొంతులు పోయి ఆ ఖాళీ గోడలకు తగిలి వెనక్కొచ్చినాయి. వదిన హెడ్‌ఫోన్లు పెట్టుకోని కండ్లు మూసుకోని వినింది. ఏ అంకే మార్చలేదు. బయట అరుగుమీద కూర్చున్న మా అన్నకు మిషను అవసరం లేకుండానే అంతా వినపడింది.

ఆ యేడు వాన ఏదో పడింది. రోడ్డుకు రెండుపక్కలా అందరి చేన్లూ లేత పచ్చ, మధ్యలో మా చేను ఎర్రగా, బోడిగా. బస్సులో పోయేవాళ్లు కిటికీలోంచి చూసి అడిగేవాళ్లు, ఏమప్పా, అంత పెద్దిల్లు, విత్తనం వేసుకోలేదే అని. నేను ఆ మలుపు వచ్చినప్పుడల్లా నిద్ర నటించేవాణ్ని. ఆ తర్వాత ఎప్పుడూ ఎవరూ మా ఇంట్లో విత్తనం మూట పెట్టలేదు. ఎవరూ ఏమీ అనలేదు. పెట్టలేదు, అంతే. కాయల రూము ఎకో అట్లే ఉండిపోయింది.

వదిన ఆ పాటను సీడీలు చేసి పాడినోళ్లందరికీ ఇచ్చింది. అది చేతులు మారి మారి యాడికో పోయింది. పాటలు సేకరించేవాళ్లెవరో అనంతపురం నుంచి మా ఇంటికొచ్చి, అరుగుమీద కూర్చోని, అన్నీ విని, ఈ పాట దగ్గర ఆగినారు.

"ఈ ఎకో భలే కుదిరిందమ్మా. ఎవరు పెట్టినారు?"

"మా ఇంటాయన," అనింది వదిన.

నవ్వలేదు. ఎగతాళిగా కూడా అనలేదు. ఎవరు వండినారంటే నేనే అని చెప్పినట్టు చెప్పింది. మా అన్న కాఫీగ్లాసు కింద పెట్టి లేచి దొడ్లోకి పోయినాడు. ఆ తర్వాత కూడా ఎవరడిగినా అదే జవాబు. పోయినేడు ఆమె పోయినప్పుడు పరామర్శకు వచ్చిన ఒకాయన, పాపం తెలియక, "ఆ పాట పట్టింది ఆమేనంట కదా, ఎకో మీరు పెట్టినారంట," అని మా అన్ననే అడిగినాడు. మా అన్న అవును అన్నాడు. ఆయన ఓడిపోయిన ఎలచ్చన్ల గురించి ఇప్పుడు ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఆటోలో డ్రైవరు ఇంకా నా జవాబు కోసం అద్దంలోంచి చూస్తాండాడు. బెంగులూరు స్టూడియో అని ఒప్పుకుంటే సరిపోతాది. కావాలంటే ఆ స్టూడియోకు గాజుతలుపులు, ఏసీ, గుమ్మం దగ్గర గుర్ఖా, అన్నీ నాలుక కొసన సిద్ధంగా ఉన్నాయి.

"ఆ ఎకో మా అన్న పెట్టినాడప్పా," అన్నా. "విత్తనం కాయలమ్మి పెట్టినాడు."

డ్రైవరు స్టీరింగు మీద చెయ్యేసి కొట్టి నవ్వినాడు. "ఎత్తుకున్నావా ఇంగొకటి. నీ కతలు నాకు తెల్వవాన్నా? పెండ్లికూతురు ఆటోలోనే కనిందంటివి గదా."

వెనకాల కూర్చున్నోళ్లు కూడా నవ్వినారు. నమ్మలేదు. ఒక్కరూ నమ్మలేదు. నా గుండెల్లో ఏదో మూట దించినట్టయింది. హమ్మయ్య అనుకున్నా, మా ఇంటి పరువు దక్కిందని. అనుకున్న మరుక్షణం ముఖం యాడ పెట్టుకోవాలో తెలియలేదు. మెట్లమీద ఖాళీ చాటలతో కూర్చున్నవాళ్లు గుర్తొచ్చినారు.

సెల్‌లో పాట అయిపోవచ్చింది. ఆఖరి చరణం గోడలకు తగిలి, వెనక్కొచ్చి, సన్నబడింది. ఆ తర్వాత కొంచెం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం చివర, మిషను ఆపేదానికి ముందర, తీసెయ్యకుండా వదిలేసిన ఒక గొంతు. పాటరాని గొంతు.

"ఇంగోసారి."

డ్రైవరు పాట మార్చబోయినాడు. నేను ఆయన భుజం పట్టుకున్నా.

"నవ్వింది చాలు గానీ, వినప్పా," అన్నా. "మా ఇంటి వెనకపక్క కాయల రూము ఉండేది."